టికెట్ కొన్న జూనియర్ ఆర్టిస్టు

సినిమా చూడటం పాతబడిపోయిందట. ఇక మీదట సినిమాలోకి నడిచి వెళ్లాలట. కుర్చీలో కూర్చుని తెరవంక చూసేవాడు సోమరి, కిందటి శతాబ్దపు మనిషి. కళ్లకు డబ్బా కట్టుకుని అట్టల కోటలో అటూ ఇటూ తిరిగేవాడే అసలైన ప్రేక్షకుడు. లండన్‌లో సీక్రెట్ సినిమా వాళ్లు 2007 నుంచి ఈ సరుకే అమ్ముతున్నారు. కథకు తగ్గ వేషం కట్టుకుని రావాలి, సెట్టులో తిరగాలి, ఆ తర్వాత సినిమా వేస్తారు. వేషం ఖర్చు వచ్చినవాడిదే.

2017లో మెక్సికో దర్శకుడు ఇన్యారిటు ‘కార్నే ఇ అరేనా’ చేశాడు. సరిహద్దు దాటే వలస జనం కథ. ఒక్కొక్కరినే లోపలికి పంపుతారు. ముందు చలిగదిలో కూర్చోబెట్టి చెప్పులు విప్పిస్తారు, ఆ తర్వాత కొద్ది నిమిషాలు ఇసుకలో వట్టికాళ్లతో నడిపిస్తారు. కాన్ చిత్రోత్సవంలో చూపించారు, ఆస్కార్ వాళ్లు ప్రత్యేక పురస్కారం కూడా ఇచ్చారు. ఆయన గొప్ప దర్శకుడే, ఆ విషయంలో నాకు పేచీ లేదు. కానీ ఇసుకలో వట్టికాళ్లు పెట్టినందుకే అంత పులకింత అయితే, మైపాడు నుంచి కోడూరు దాకా పట్టపుపాళేల్లో టూరింగ్ టాకీసు చూసిన తరం మొత్తానికీ ఆస్కార్ వాళ్లు బాకీ పడ్డట్టే. నేల టికెట్ కొని ఇసుకను కుప్పచేసి దానిమీద కూర్చునేవాళ్లు. ముందువాడి తల అడ్డమొస్తే కుప్ప ఇంకాస్త పెంచేవాళ్లు. అప్పుడు వెనకవాడు తిట్టేవాడు. కథ, ఇసుక, తిట్లు మూడూ ఒకే టికెట్టు మీద!

మన తీరానికున్న పిచ్చి వేరు. మనకు సైజు కావాలి. 2019 ఆగస్టులో సూళ్లూరుపేట దగ్గర వంద అడుగుల పైచిలుకు వెడల్పు తెరతో వి ఎపిక్ థియేటరు తెరిచారు, ‘సాహో’తో మొదలుపెట్టారు. ప్రపంచంలో మూడో పెద్ద తెర అని ఊరూవాడా చెప్పుకున్నాం. మొదటిదీ రెండోదీ ఎక్కడున్నాయని అడిగినవాడు మాత్రం లేడు. మద్రాసు నుంచి హైవే పట్టుకుని జనం రావడం మొదలైంది. ఇంతలో 2022లో జిల్లాలు విడగొట్టి సూళ్లూరుపేటను తిరుపతి జిల్లాలో కలిపారు. అంగుళం కదలకుండానే తెర మా నెల్లూరు జిల్లా దాటిపోయింది.

అయినా ఆ తెరమీద నాకు కోపం లేదు. కనీసం అది మనల్ని కూర్చోమంటుంది. దాని లోపం వేరే: కథ చిన్నదైతే ఆ చిన్నతనం కూడా వంద అడుగుల వెడల్పున కనిపిస్తుంది. అదే సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో 1921లో ఆత్రేయ పుట్టాడు. రాసి ప్రేక్షకుల్నీ, రాయక నిర్మాతల్నీ ఏడిపిస్తాడని ఆయనకు పేరు. ఏడిపించడానికి ఆయన ఎవరినీ కుర్చీలోంచి లేపలేదు, ఎవరి చెప్పులూ విప్పించలేదు.

ఇక మాహిష్మతి సంగతి. రామోజీ ఫిల్మ్ సిటీకి టికెట్టు కొనుక్కుని వెళ్తే ‘బాహుబలి’ సెట్టులో నడవొచ్చు. నడుస్తాం. తల పైకెత్తి చూస్తాం, ఫోటో దిగుతాం, మంచినీళ్ల సీసా ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతాం. కథలోకి వెళ్లామని గైడు అంటాడు. కథలో మనం ఎవరం? రాజులం కాదు, సేనాపతులం కాదు. కోట గోడ కింద గుంపుగా అటునుంచి ఇటు పోయేవాళ్లం. సినిమావాళ్లు ఆ పని చేసేవాణ్ణి జూనియర్ ఆర్టిస్టు అంటారు. కృష్ణానగర్‌లో పొద్దున్నే వ్యాను ఎక్కించుకుని, టిఫిను పెట్టి, సాయంత్రానికి కూలీ చేతిలో పెడతారు. మనం మాత్రం ఎదురు డబ్బిచ్చి ఆ వేషం వేస్తున్నాం. పెళ్లిళ్లలో ఎదురుకట్నం పోయిందంటారు గానీ, అది సినిమాల్లోకి వచ్చి చేరింది.

ఇదే ‘బాహుబలి’కి కళ్లడబ్బాతో చూసే వీఆర్ ముక్క ఒకటి కూడా తయారుచేసి 2017లో న్యూయార్కులోని ట్రైబెకా చిత్రోత్సవంలో చూపించారు. మంచిదే. అయితే దేశం ఆ కథలో దిగబడింది అంతకు ముందే. 2015 జూలైలో మొదటి భాగం చూసి లేచినవాడు 2017 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చేదాకా బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడని బస్సులో, టీకొట్లో, పెళ్లిపందిట్లో కొట్టుకు చచ్చాడు. అంతకాలం అతను మాహిష్మతిలోనే కాపురమున్నాడు, అద్దె కట్టకుండా. ఏ డబ్బా పెట్టుకుంటే అంతసేపు లోపల ఉండగలం? తల తిరిగి బయటికొస్తాం.

నిజంగా జనం లోపలికి దిగే వేడుక నెల్లూరులో లేదా అంటే ఉంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ చూడండి. నీళ్లలో నిలబడి చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె ఇచ్చిపుచ్చుకుంటారు. కోరిక తీరినవాడు మరుసటేడు వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తాడు. అక్కడ మనిషి రాకపోతే రొట్టె చేతులు మారదు. అట్టకోటలో నువ్వు రాకపోయినా గోడకేం తేడా పడదు, గల్లాపెట్టెకు తప్ప.

రేపో మాపో మైపాడు ఒడ్డున కూడా ఇలాంటి అట్టకోట ఒకటి పెడతారు. కన్సల్టెంటు ఖర్చెందుకు, నమూనా నేనే రాసిస్తాను. మొదటిది ‘సముద్ర ఘోష’ గది. స్పీకర్లలో అలల చప్పుడు వస్తుంది, అసలు సముద్రం అడ్డు రాకుండా ఎత్తు గోడ కట్టాలి. రెండోది ‘వల లాగుదాం రండి’. టికెట్టు కొన్నవాళ్లు నైలాను తాడు లాగి ప్లాస్టిక్ వంజరాలు ఒడ్డుకు తెస్తారు. అదే సమయానికి గోడ అవతల అలివి వల లాగేవాళ్లకు మనుషులు చాలరు, అది వేరే శాఖ చూసుకుంటుంది. మూడోది తుఫాను గది. ఫ్యాను తిరుగుతుంది, గొట్టంలోంచి నీళ్లు చిమ్ముతాయి, నేల ఊగుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను చూసిన పెద్దాయన్ని ప్రారంభోత్సవానికి పిలిస్తే ఆయన ఒకటే అడుగుతాడు: “ఇందులోంచి బయటికి పంపడానికి ఎంత తీసుకుంటారబ్బా?”

నాలుగో గది టోపీలూ తాళపు చెవుల గొలుసులూ అమ్మే దుకాణం. దాన్ని దాటకుండా బయటికి దారి ఉండదు. అక్కడ ఎవడో ఒకడు అమాయకంగా, “అంతా బాగుంది గానీ సినిమా ఎప్పుడేస్తారన్నా?” అంటాడు. “ఇదే సినిమా సార్” అంటాడు యూనిఫాం వేసుకున్న కుర్రాడు.

సరే, నడవమంటే నడుస్తాం. మా షరతులు కూడా రాసుకోండి. పొద్దున ఆత్మకూరు బస్టాండు దగ్గరికి వ్యాను రావాలి. టిఫినులో దోసెకు కారం తగ్గకూడదు. మధ్యాహ్నం చేపల పులుసు. గుంపులో ఎనిమిదో వరసలో నిలబెట్టినా అభ్యంతరం లేదు, ఫోటోలు మీరే తీసుకోండి. రోజు కూలీ రోజే ఇవ్వాలి. సాయంత్రం ఆరు దాటితే డబుల్ బేటా.