డబ్బాల మాస్టారు

శృంగవరపుకోటలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది పెన్షన్ కాగితాల దగ్గర మాత్రమే. ఊరందరికీ డబ్బాల మాస్టారే. ఇలాంటివారు ప్రతి ఊళ్లోనూ ఇద్దరు ముగ్గురుంటారు. రిటైరైన నెలలోనే రక్తపరీక్ష చేయించుకుంటారు, చెడ్డ కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 162 అని కాగితం మీద చూస్తారు, ఆ రోజుతో జీవితానికి కొత్త సిలబస్ దొరుకుతుంది.

డాక్టరు రాత్రిపూట వేసుకోమని ఒక చిన్న తెల్లమాత్ర రాశాడు. స్టాటిన్. మాస్టారు దాన్ని గౌరవంగా కొని, గౌరవంగా బీరువాలో పెట్టారు. "ఇంగ్లీషు మందు బాబూ! మొదలెట్టేమంటే మానడానికి ఉండదు. లివరు పోద్ది" అన్నారు. ఒక మాత్రకి అలా భయపడి, ఆరు డబ్బాలు కొన్నారు. పరగడుపున పచ్చి వెల్లుల్లి, పైన దాని గుళిక. టిఫిన్‌కి ముందు గుగ్గులు. తర్వాత డల్లాస్ నుంచి అల్లుడు పంపిన చేపనూనె. మధ్యాహ్నం పసుపు, సాయంత్రం దాల్చినచెక్క, పడుకోబోయే ముందు ఎర్ర ఈస్టు బియ్యం. ఆరు డబ్బాలూ బల్లమీద ఎత్తు వరసలో, ప్రార్థనకి నిలబెట్టిన పిల్లల్లా ఉంటాయి.

ఇంతకుముందు ఆయన చెయ్యని ప్రయోగం లేదు. మంతెన సత్యనారాయణరాజు గారి ఉప్పూ నూనే లేని కూరలు తిన్నారు. వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతిలో కొబ్బరినూనె, నిమ్మకాయలు, రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు పట్టించారు. (కొబ్బరినూనె మీద జరిగిన 16 ప్రయోగాలను కలిపి చూసి 2020లో వేసిన లెక్క ప్రకారం ఎల్‌డీఎల్ సుమారు 10 పాయింట్లు పెరుగుతుంది. ఆ సంగతి మాస్టారిదాకా రాలేదు.) ఆ తర్వాత ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు. అనంతగిరి కొండల మీంచి సామలు దిగినన్నాళ్లూ కన్నెత్తి చూడని మనిషి, అవే సామలు రంగుల ప్యాకెట్లో కనబడగానే ఆత్రంగా కొన్నారు.

ఆయన ఉత్త నమ్మకం మీద బతికే రకం కాదు. రీసెర్చి కావాలి. గుగ్గులు సంగతే తీసుకోండి. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి అనే పరిశోధకురాలు సుశ్రుత సంహితలో మేదోరోగం గురించి చెప్పినది పట్టుకుని, గుగ్గులు కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తుందా అని కుందేళ్ల మీద పరీక్షించారు. 1966 నాటి మాట. ఆ తర్వాత ఆవిడ భారత వైద్య పరిశోధన మండలికే అధిపతి అయ్యారు. ఇంతవరకూ మాస్టారు గుక్కతిప్పుకోకుండా చెబుతారు. 2003లో అమెరికాలో 103 మందికి ఎనిమిది వారాలు పరీక్ష పెడితే, గుగ్గులు మింగినవారి ఎల్‌డీఎల్ నాలుగైదు శాతం పెరిగింది, ఉత్తుత్తి మాత్ర మింగినవారికి ఐదు శాతం తగ్గింది. ఈ భాగానికి వచ్చేసరికి ఆయనకి టీ తాగే వేళవుతుంది. మధ్య స్టెప్పు ఒక్కటి ఎగ్గొడితే పిల్లల మార్కులు కోసేసిన లెక్కల మాస్టారు, ఈ లెక్కలో మాత్రం జవాబునే ఎగ్గొట్టేస్తున్నారు.

వెల్లుల్లిదీ అదే దారి. స్టాన్‌ఫోర్డ్ వాళ్లు 2007లో 192 మందికి ఆరు నెలలపాటు పచ్చి వెల్లుల్లీ రెండు రకాల గుళికలూ విడివిడిగా పెట్టి చూస్తే, ఎల్‌డీఎల్ ఎక్కడిదక్కడే ఉంది. మాస్టారి విషయంలో వెల్లుల్లి ప్రభావం విజయనగరం బస్సులో రుజువైంది: పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.

చేపనూనె దగ్గర మాత్రం ఇంట్లో గొడవ. "ఏటండీ, భీమిలి కవళ్లు గుమ్మంలోకి వస్తే నీసు వాసనంటారు. అదే నూనె అమెరికా డబ్బాలో వస్తే ప్రసాదంలా కళ్లకద్దుకుంటారు" అంటుంది వాళ్లావిడ. ఆవిడ పక్షానే సాక్ష్యం ఉంది. 2018లో ఫలితాలు బయటికొచ్చిన ఒక అమెరికా పరిశోధనలో దాదాపు 26 వేల మందిలో సగం మందికి రోజుకొక గ్రాము చేపనూనె గుళిక ఐదేళ్లపైన ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అయితే వంటింటి దినుసులన్నీ వట్టివేనా అంటే, కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థవారు 1990లో ప్రచురించిన మెంతుల ప్రయోగం ఉంది. ఇన్సులిన్ మీద ఉన్న మధుమేహులకు మెంతిపిండి రొట్టెలు పెడితే చక్కెరతో పాటు ఎల్‌డీఎల్ కూడా తగ్గింది. ఈ కబురు తెచ్చిన రోజు మాస్టారి ముఖం వెలిగిపోయింది. "ఎంతేటి?" అని అడిగింది ఆవిడ. రోజుకి వంద గ్రాములు, నూనె తీసేసిన పిండి, రెండు పూటలకీ సగం సగం. ఆవిడ పళ్లెంలో వంద గ్రాముల మెంతులు పోసి ఆయన ముందు పెట్టింది. "ఆవకాయ జాడీలోకి కూడా ఇన్ని వెయ్యను. తింటారా, మరి?" మాస్టారు పళ్లెం వంక కాసేపు చూశారు. మర్నాటి నుంచి మజ్జిగలో చిటికెడు మెంతిపొడి వేసుకుని, జాతీయ పోషకాహార సంస్థ పేరు చెప్పి తాగుతున్నారు.

ఇసబ్‌గోల్ పొట్టు మీద కూడా మంచి రుజువులున్నాయి. రోజూ తగిన మోతాదులో వాడితే ఎల్‌డీఎల్ కొద్దిగానైనా తగ్గుతుంది. అది మాస్టారికి ఆనదు. చవక, పైగా అందరికీ తెలిసింది.

మెయిన్ రోడ్డులో మందుల షాపు కుర్రాడు ఆయన శిష్యుడే. ఒకరోజు ధైర్యం చేసి 2022లో అమెరికాలో జరిగిన ప్రయోగం గురించి చెప్పాడు. 190 మంది, 28 రోజులు. ఒక జట్టుకి అయిదు మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్. మిగతా జట్లకి చేపనూనె, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, మొక్కల స్టెరాల్, ఎర్ర ఈస్టు బియ్యం, ఉత్తుత్తి మాత్ర. స్టాటిన్ జట్టుకి ఎల్‌డీఎల్ దాదాపు 38 శాతం పడింది. గుళికల్లో ఒక్కటీ ఉత్తుత్తి మాత్రని దాటలేదు.

"ఆరింట్లో అయిదు నా డబ్బాలే రా!" అన్నారు మాస్టారు, పబ్లిక్ పరీక్షలో తన ప్రశ్నలే వచ్చాయన్నంత సంతోషంగా.

"ఇంకోటి మాస్టారండీ. ఆ ఎర్ర బియ్యంలో ఉండే మొనకోలిన్-కె, లోవాస్టాటిన్ అనే మందూ అచ్చంగా ఒకటే. 1987 నుంచీ మాత్రగా అమ్ముతున్నారు. మీరు బీరువాలో దాచిందీ, రాత్రి మింగుతున్నదీ ఒక్క జాతివే. కాపోతే మాత్రలో ఎంతుందో రాసుంటాది, మీ డబ్బాలో ఎంతుందో చెప్పలేం."

"ఇది బియ్యం రా!"

కుర్రాడు మన దేశంలో తయారైన పసుపు డబ్బా తిప్పి, ‘ఔషధంగా వాడరాదు’ అన్న మాట మీద వేలు పెట్టాడు. ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం ఇలాంటి డబ్బాల మీద అది ఉండి తీరాలి. మాస్టారు కళ్లజోడు సవరించుకుని ఒకటికి రెండుసార్లు చదివారు. "చూశావా, మందు కాదని వాళ్లే ఒప్పుకున్నారు. అందుకే సైడెఫెక్టులుండవు."

మొన్నటి రిపోర్టులో ఎల్‌డీఎల్ 171 వచ్చింది. మాస్టారు చలించలేదు. ఇన్నేళ్లుగా నరాల్లో పేరుకున్నది కరిగి రక్తంలోకి దిగుతోందనీ, అందుకే లెక్క ఎక్కువ చూపిస్తోందనీ అరుగు మీద అందరికీ వివరించారు. అయినా ఎందుకైనా మంచిదని ఈసారి వైజాగ్‌లో చేయించాలనుకుని ల్యాబుకి ఫోన్ చేశారు. పన్నెండు గంటలు ఏమీ తినకుండా రావాలన్నారు వాళ్లు.

"గుళికలు తిండి కిందికొస్తాయా బాబూ?"

"ఏం వాడుతున్నారో పేర్లు చెప్పండి సార్, రాసుకుంటాను."

"ఒక్క నిమిషం ఉండు" అని మాస్టారు కుర్చీ లాక్కుని మొదటి డబ్బా చేతిలోకి తీసుకున్నారు. "పెన్ను ఉందా? రాసుకో."