రెండో చరణానికి ముందు

ఘంటసాల వర్ధంతి సభలో అధ్యక్షులవారు అరగంట మాట్లాడారు. మనసు పెట్టి మాట్లాడారు. విజయనగరంలో మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకుంటూ సంగీతం నేర్చుకున్న కుర్రాడు తెలుగు జాతి గొంతు ఎలా అయ్యాడో ఆయన చెబుతుంటే బెజవాడ హాల్లో చాలామంది కళ్ళు ఒత్తుకున్నారు. 1974 ఫిబ్రవరి 11న ఆ గొంతు ఆగిపోయింది, దాంతోపాటే తెలుగు పాటా పోయింది అని ఆయన తేల్చేశారు.

"మరి ఆస్కారు వచ్చింది కదండీ!" అన్నాడు వెనక నుంచి ఎవరో కుర్రాడు.

"అవార్డు వచ్చింది నాయనా, పాట రాలేదు," అన్నారాయన. హాలంతా చప్పట్లు.

ఆ ఊపులో వేదిక మీద ఓ మూల ల్యాప్‌టాప్, చిన్న కీబోర్డు పెట్టుకుని కూర్చున్న అబ్బాయి వైపు చెయ్యి చూపించారు. "ఈ బాబును నేనేమీ అనను. కాలం అలాంటిది. ఒక పెట్టె, నాలుగు మీటలు, పాట తయారు. వెనకటికి ఒక్కో పాటకు హాలు నిండా వయొలిన్లు ఉండేవి. మనుషులు వాయించారు కాబట్టే మనుషుల్ని ఏడిపించాయి. యంత్రానికి గుండె ఎక్కడిదండీ? వైశాఖంలో మా అమ్మాయి పెళ్ళి. డీజేని మా గుమ్మం తొక్కనివ్వను. ఇదిగో, మన పంతులుగారు, వారి బృందం వచ్చి పాత పాటలు వాయిస్తారు. ఈ సభలో మాట ఇస్తున్నాను!"

ముందు వరసలో కూర్చున్న వయొలిన్ పంతులుగారు లేచి నమస్కారం పెట్టారు. మద్రాసు రికార్డింగుల్లో ఏళ్ళ తరబడి వాయించి, పని తగ్గిపోయాక బెజవాడ వచ్చి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న పెద్దాయన. ఆ రోజు సన్మానం ఆయనకే.

అధ్యక్షులవారి మాటల్లో సగం నేను ఒప్పుకోను. చెడ్డ పాట ఇవాళ పుట్టింది కాదు. 1977లో అడవిరాముడు వచ్చినప్పుడు అందులో ఒక పాట విని చెవులు మూసుకున్న పెద్దలు ఇంటికొకరు ఉండేవారు. రాసింది వేటూరి, బాణీ కె.వి.మహదేవన్, పాడింది బాలసుబ్రహ్మణ్యం, సుశీల. 1980లో అదే వేటూరి, అదే మహదేవన్, అదే బాలు శంకరాభరణం ఇచ్చారు. అప్పుడు తిట్టిన పెద్దలే దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఇంకా వెనక్కి వెళితే, 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి.కేస్కర్‌కు సినిమా పాటంటేనే గిట్టదు, జనం అభిరుచి దానివల్ల చెడుతోందని ఆకాశవాణిలో దానికి చోటు లేకుండా చేశారు. ఘంటసాల సంగీతం కూర్చిన పాతాళభైరవి అప్పటికి వచ్చి ఏడాదే. ఇవాళ మనం స్వర్ణయుగం అంటున్న పాటలు అప్పట్లో మంత్రిగారి దృష్టిలో చెత్త. జనం రేడియో సిలోన్‌కు మళ్ళారు. 1957లో వివిధభారతి పెట్టాక గానీ ప్రభుత్వ రేడియో వాళ్ళను మళ్ళీ తన వైపు తిప్పుకోలేకపోయింది. అప్పటి చెత్తను కాలమే ఊడ్చేసింది. మంచివే మన చెవుల్లో మిగిలాయి. ఇవాళ్టి పాటల్లో చెత్తా మంచీ ఇంకా కలిసే ఉన్నాయి, అంతే తేడా.

కానీ వయొలిన్ల సంగతిలో ఆయన చెప్పింది నిజం. ఆ నష్టాన్ని నేనూ బాధగానే తలుచుకుంటాను. ఘంటసాల రోజుల్లో పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఒకే హాల్లో, ఒకేసారి. చివరి చరణంలో తబలా ఒక్క దెబ్బ తప్పినా అందరూ మళ్ళీ మొదటినుంచి. అందుకే రికార్డింగుకు ముందు అన్ని రిహార్సళ్ళు. ఒకరి ఊపిరి ఒకరికి తెలిసేది. తర్వాత గొంతునూ వాద్యాలనూ విడివిడిగా రికార్డు చేసే పద్ధతి వచ్చింది. అప్పుడూ మనుషులు పోలేదు. ఇళయరాజా పాటల్లో అలల్లా లేచే ఆ వయొలిన్ల వెనక వరసకట్టి కూర్చున్న మనుషులున్నారు. ఆ తర్వాత కీబోర్డు, దాని వెనక కంప్యూటరు. 1992లో రోజాతో రెహమాన్ వచ్చాక మద్రాసు స్టూడియోల్లో పనితీరే మారిపోయింది. రెహమాన్ పాట తక్కువదని ఎవరంటారు? పాట తగ్గలేదు, వాయించేవాళ్ళకు పిలుపులు తగ్గాయి. ఇరవై మందికి డబ్బివ్వడం కంటే ఒక్కడికివ్వడం ఏ నిర్మాతకైనా సులువే కదా. పంతులుగారిలాంటి వాళ్ళు వయొలిన్ పెట్టె మూసి ఊళ్ళకు వచ్చేశారు.

ఉపన్యాసం అయింది, పాటలు మొదలయ్యాయి. పేరు సంగీత విభావరి. పాడేవాళ్ళు నలుగురున్నారు, వాయించేవాళ్ళు లేరు. ఆ అబ్బాయి ట్రాక్ వేస్తే గాయకులు పాడడం, అయిపోగానే ఇంకోటి వేయడం. చాలా ట్రాకులు పీలగా, నీళ్ళు కలిపిన పాలలా ఉన్నాయి.

తొమ్మిదింటికి ఘంటసాల విషాదగీతం ఒకటి పాడారు. రెండో చరణానికి ముందు వయొలిన్ ఒంటరిగా వస్తుంది. అంతవరకూ ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తారు. ఒక స్వరం మీద నిలబడి, కొంచెం వణికి, కిందికి జారి, చేరాల్సిన చోటికి చేరీ చేరకుండా ఆగింది. నాకు గొంతు పట్టేసింది. పక్కాయన జేబురుమాలు తీశాడు.

పాట అవగానే అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. "విన్నారా? ఆ వయొలిన్ విన్నారా? ఆ వేళ్ళు ఎవరివో గానీ దండం పెట్టాలి. ఏ కంప్యూటరు ఏడుస్తుందండీ అలా!" అని మళ్ళీ ఆ అబ్బాయి వైపు చూశారు. అబ్బాయి తల వంచుకుని తర్వాతి పాట వెతుక్కుంటున్నాడు. పంతులుగారికి శాలువ కప్పారు, పూలదండ వేశారు, ఫొటోలు తీశారు. ఆయన ఇంటినుంచి తెచ్చుకున్న వయొలిన్ పెట్టె కుర్చీ కిందే ఉంది. టైమైపోయిందని ఆయన్ని ఒక్క పాటా వాయించమనలేదు.

భోజనాల దగ్గర ఆ అబ్బాయీ పంతులుగారూ ఒక బల్ల దగ్గర కనిపిస్తే వెళ్ళి కూర్చున్నాను. ఆ విషాదగీతం ట్రాక్ మిగతావాటిలా లేదు, ఎక్కడిదని అడిగాను.

"నేనే చేశానండి," అన్నాడు అబ్బాయి. "బయట మంచిది దొరకలేదు. పాత రికార్డు వింటూ ఒక్కో వాద్యం పేర్చుకున్నాను."

"మరి వయొలిన్?"

"కీబోర్డు మీదేనండి. ఎవరో వాయించిన విడి స్వరాలు రికార్డు చేసి అమ్ముతారు. అవి పేర్చాను. కానీ మొదట పెట్టింది మాస్టారికి నచ్చలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఇక్కడ ఇంకాస్త జారాలిరా, ఇక్కడ విల్లు తిరుగుతుందిరా అని చెబుతూ చేయించారు. నిజానికి నలుగురు వయొలిన్‌వాళ్ళను పిలుద్దాం, మాస్టారే వాయిస్తారు అని కమిటీవాళ్ళను ముందే అడిగానండి. బడ్జెట్ లేదన్నారు."

"వాడికి మంచి చెవి ఉందండి," అన్నారు పంతులుగారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో నిజమైన సంతోషం చూశాను.

అప్పుడే అధ్యక్షులవారు మా బల్ల దగ్గరకు వచ్చారు. "బాబూ, ఆ వయొలిన్ ఉన్న ట్రాక్ ఎక్కడ సంపాదించావు? నాకూ కావాలి."

అబ్బాయి పంతులుగారి వంక చూశాడు. పంతులుగారే చెప్పారు. "వాడే చేశాడండి. వయొలిన్ కూడా వాడిదే, కీబోర్డు మీద."

అధ్యక్షులవారు ఒక్క క్షణం నిలబడిపోయారు. తర్వాత ముఖం విప్పారింది. అబ్బాయి భుజం గట్టిగా తట్టారు. "అచ్చం మనిషి వాయించినట్టే ఉందయ్యా! అసలు తేడా తెలియలేదు!"

పంతులుగారి వైపు తిరిగారు. "మరింకేం పంతులుగారూ, పెళ్ళికి మీ బృందమంతా శ్రమపడి రావడం ఎందుకు? మీరొక్కరూ భోజనానికి రండి. ఈ బాబే ఆ పెట్టె తెచ్చుకుని అన్నీ వేసేస్తాడు."

వైశాఖంలో ఆ పెళ్ళి జరిగింది. అన్నీ పాత పాటలే వేశారు. వయొలిన్ వాయించడానికి ఎవరినీ పిలవలేదు.