చెత్త దొరకని ఇల్లు

మా ఇంట్లో చెత్త దొరకదు. శుభ్రత గురించి గొప్పలకు పోతున్నాననుకోకండి. పారేయడానికి తగిన వస్తువు మా గడప దాటి లోపలికి ఇంతవరకూ రాలేదు, అంతే. హార్లిక్స్ సీసా ఖాళీ అయిన మరునాడే కందిపప్పు సీసాగా డ్యూటీలో చేరుతుంది. మిఠాయి డబ్బాలో సూదులు, దారపు ఉండలు, ఏ చొక్కావో ఎవరికీ గుర్తులేని గుండీలు. బిర్యానీ వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో అల్లంవెల్లుల్లి ముద్ద. పాల ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి, కట్టలు కట్టి ఉంటాయి. కిలోల లెక్కన అమ్ముడుపోయే శుభదినం కోసం గ్యాస్ బండ వెనక కాచుక్కూర్చుంటాయి. పాతచీరల్లో బాగున్నవి ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకుంటాం. బాగోలేనివి బొంతలవుతాయి. బొంత చిరిగితే కాళ్ళు తుడుచుకునే పట్ట, పట్ట చిరిగితే నా స్కూటర్ తుడిచే గుడ్డ. గుడ్డ కూడా చిరిగాక ఏమవుతుందో నాకు తెలియదు. ఇంకా చిరగలేదు.

ఈ శాఖ మొత్తానికీ మా ఆవిడే మంత్రి, కార్యదర్శి, గోడౌన్ ఇన్‌చార్జి.

తిరుమలగిరిలో, లాల్ బజార్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటాం. కొడుకూ కోడలూ పొద్దున్నే హైటెక్ సిటీ వైపు పోతారు. బడి విడిచినప్పటి నుంచి చీకటి పడేదాకా పిల్లలు నా పాలు. మనవరాలు రెండో తరగతి, మనవడు ఎల్‌కేజీ. బ్యాంకులో నా కింద అంతమంది పనిచేశారు గాని, ఈ ఇద్దరూ నా మీద పనిచేసినట్టు ఎవరూ చేయలేదు.

ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక బడి నుంచి ఫోన్లో కబురొచ్చింది. ‘బెస్ట్ ఔట్ ఆఫ్ వేస్ట్’ పోటీ. వాడి పారేసే వస్తువులతో పనికొచ్చే వస్తువు తయారుచేసి తేవాలి. షరతులు రెండు. పూర్తిగా పాత వస్తువులే వాడాలి, పిల్లలే స్వయంగా చేయాలి. మొదటి షరతును మా ఆవిడ ఇదివరకే కొట్టిపారేసిందని చెప్పాను గదా. రెండో షరతు సంగతి ఈ దేశంలో బడికెళ్ళే పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు.

“నానమ్మా, మనింట్ల వేస్ట్ ఏమున్నది?” అనడిగింది మనవరాలు.

“మీ తాతున్నడు గద, తీస్కపో.”

“మనిషి కాదు నానమ్మా, వస్తువు గావాలె.”

మనిషి కాదు అన్న ఒక్క కారణంతో నేను బతికిపోయాను. పనికొస్తానన్న వాదన ఆ గదిలో ఎవరూ లేవదీయలేదు.

మర్నాడు లాల్ బజార్‌లో స్టేషనరీ షాపుకెళ్ళాం. అతనికి బడి పేరు చెబితే చాలు, ఏ క్లాసుకు ఏ ప్రాజెక్టో మనకన్నా ముందే తెలుస్తుంది. “వేస్ట్ మెటీరియలా సార్? చిన్న సెట్టా, పెద్ద సెట్టా?” అన్నాడు. పెద్ద సెట్టులో ఐస్‌క్రీం మొహం ఎన్నడూ చూడని ఐస్‌క్రీం పుల్లలు, ఏ సీసా మీదా కూర్చోని రంగురంగుల మూతలు, బొత్తిగా వాడని పేపర్ కప్పులు, అతికించుకునే కళ్ళు. చెత్తకు ఇంత కొత్త వాసన ఉంటుందని నాకు అక్కడే తెలిసింది. థర్మాకోల్ అడిగితే రావట్లేదన్నాడు. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. ఆ దెబ్బతో ఎన్ని ఇళ్ళలో తెల్లటి తాజ్‌మహళ్ళు పునాది దశలోనే ఆగిపోయాయో! మా అబ్బాయి బడి రోజుల్లో నేను కట్టిన సౌర కుటుంబం, హరప్పా స్నానఘట్టం, గుండె నిలువుకోత అన్నీ థర్మాకోల్‌వే. గుండెకు మార్కులు బాగా వచ్చాయి.

డబ్బిచ్చి చెత్త కొనడానికి మనసొప్పక, సరే, మన దగ్గరున్నదే దొంగిలిద్దామని పిల్లలతో ఒప్పందం చేసుకున్నాను.

చండీగఢ్‌లో నేక్ చంద్ అని ఒకాయన ఉండేవాడు. పీడబ్ల్యూడీలో రోడ్ ఇన్‌స్పెక్టర్. పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, కూల్చిన ఇళ్ళ శిథిలాలు ఏరుకొచ్చి, 1957 నుంచి అడవిలో గుట్టుగా బొమ్మల లోకం ఒకటి కడుతూ పోయాడు. స్థలం ప్రభుత్వానిది, అనుమతి లేదు. పసిగట్టడానికి ప్రభుత్వానికి దాదాపు పద్దెనిమిదేళ్ళు పట్టింది. 1976లో దాన్నే రాక్ గార్డెన్ అని జనానికి తెరిచారు. ఆయన కళ మీద నాకు గౌరవమే. కానీ అసలు గౌరవం ఆ పద్దెనిమిదేళ్ళ మీద. నేను చాయ్‌పత్తా డబ్బా ఒకటి చొక్కా కింద పెట్టుకుని హాలు దాటలేకపోయాను. “గా డబ్బాల మెంతులు పోద్దామనుకున్న” అని వంటింట్లోంచి గొంతు. వెనక్కి తిరిగి కూడా చూడలేదావిడ.

చర్చలు జరిగాయి. చివరికి చాయ్‌పత్తా డబ్బా, టూత్‌పేస్ట్ ట్యూబు, రెండు సీసా మూతలు మంజూరయ్యాయి. గుండీ ఒక్కటే ఇచ్చింది. రెండోది అడిగితే జత చెడిపోతుందట. అవి ఏనాడు జతగా ఉన్నాయో గాని! శుభలేఖల కట్ట కూడా దొరికింది, ఒక నియమం మీద. వినాయకుడి మీద కత్తెర పడకూడదు. వధూవరులను, పెద్దలను, ఫంక్షన్ హాలు చిరునామాను ఎంతైనా కత్తిరించుకోవచ్చు. ఇప్పుడు మా ఇంట్లో సంచీ నిండా వినాయకులున్నారు. బంగారు రంగువి, వెండి రంగువి, గీతల్లో గుర్తుపట్టాల్సినవి. పారేయకూడదు, దేవుడు. పెట్టుకోవడానికి చోటు లేదు.

ఇక జిగురు. ఫెవికాల్ డబ్బా మూత రాలేదు. మూతను దానిలో ఉన్న ఫెవికాలే పట్టుకుంది. “మైదా లై ఉడకబెట్టియ్యనా?” అంది ఆవిడ, బొమ్మ తయారీలో మొదటిసారి ఆసక్తి కనబరుస్తూ. అంతటితో ఆగక చింతగింజల కథ కూడా ఎత్తుకుంది. అందులో నిజముంది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మ ముక్కలు విడివిడిగా చెక్కి, వాటిని అతికించడానికి చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద వాడతారు. దాన్ని మక్కు అంటారు. పులుసు చేసుకోగా మిగిలిన గింజ, కర్ర కోయగా రాలిన పొట్టు. దశావతారాల చేతులూ కాళ్ళూ, అంబారీ మీద రాజుగారూ ఊడిపోకుండా ఉన్నది ఈ రెండు చెత్తల పుణ్యాన్నే. ఇది చెప్పగానే మనవడు చింతగింజలు కావాలని కూర్చున్నాడు. ఉన్నాయి. పచ్చీసు ఆడుకోవడానికని దాచిన సీసా. ఇవ్వబడవు.

లై వేడిగా ఉండగానే మనవడు రుచి చూసి, ఉప్పు లేదన్నాడు.

గ్లిట్టర్ గురించి చెప్పాలి. కోడలు ముచ్చటపడి కొనిపెట్టిన ఆ మెరుపుల పొడి, బొమ్మకు తప్ప అన్నిటికీ అంటుకుంటుంది. పప్పులో కనబడింది. దిండు గలీబులో కనబడింది. లైసెన్స్ రెన్యువల్ కోసం తిరుమలగిరి ఆర్టీఏ ఆఫీసుకెళ్ళి కెమెరా ముందు కూర్చున్నాను. నా ఎడమ కనుబొమ మీద వెండి మెరుపొకటి ఉందని ఇంటికొచ్చాక మనవరాలు గర్వంగా చూపించింది. దారిలో ట్రాఫిక్ పోలీసు ఎప్పుడైనా ఆపితే కార్డులో మొహం, నా మొహం సరిపోవాలంటే నేను మళ్ళీ మెరవాలి.

అసలు ఈ రంగంలో గురువంటే అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజినీరు. 1970ల చివర్లో మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ పల్లె బడుల పిల్లలకు సైన్సు చెప్పే కార్యక్రమంలో చేరి, అగ్గిపుల్లలూ సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలూ తీసుకుని ఒక విద్యే సృష్టించాడు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. సన్న రబ్బరు గొట్టాన్ని చిన్న ముక్కలు కోసి, అటూ ఇటూ అగ్గిపుల్లలు దూర్చడమే కిటుకు. నేను ప్రయత్నిద్దామని సైకిల్ షాపుకెళ్ళి వాల్వ్ ట్యూబ్ అడిగితే, సైకిలెక్కడని అతను నా వెనకాల చూశాడు. ట్యూబు దొరికింది. ఇంట్లో అగ్గిపుల్లలు లేవు. లైటర్ వచ్చాక అగ్గిపెట్టె దేవుడి గూటికి మాత్రమే పరిమితమైంది. దేవుడి దగ్గరే అప్పు తీసుకున్నాం. మూడు పుల్లలతో త్రిభుజం కట్టాం, నాలుగింటితో చతురస్రం. త్రిభుజాన్ని ఎంత నొక్కినా బిగదీసుకుని ఉంటుంది. చతురస్రం ఇలా తోస్తే అలా వాలిపోతుంది. వంతెనలకీ కరెంటు టవర్లకీ త్రిభుజాలే ఎందుకు పెడతారో దీంతో చెప్పొచ్చు. నేను గొంతు సవరించుకునేలోపే మనవడు, “తాతా, ఇది డాన్స్ చేస్తున్నది, అది చేస్తలేదు” అన్నాడు. చెప్పాల్సిందంతా అయిపోయింది. నా దగ్గర పావుగంట ఉపన్యాసం మిగిలిపోయింది.

మధ్యలో వాషింగ్ మెషీన్ వచ్చిన అట్టపెట్టె ఉంది గదా, దాంతో కోట కడదామన్నాను. కోటకు నమూనా వెతకక్కర్లేని ఊరు మాది. మిలటరీ వాళ్ళ హద్దులో, 1858లో ఇంగ్లీషువాళ్ళు కట్టిన పాత సైనిక జైలు ఉంది. బురుజులూ అవీ పెట్టి అచ్చం ఇంగ్లండులోని విండ్సర్ కోటలా ఉంటుందని పేరు. 1857 చూసి అదిరిపోయినవాళ్ళు ఆ తర్వాత తిరుమలగిరిలో గట్టిగా కందకం కూడా తవ్వుకున్నారు. తమ రాణిగారి ఇంటి ప్లాను తీసి, తాగి గొడవచేసే సోల్జర్లను పెట్టే జైలుకు మళ్ళీ వాడారంటే, బెస్ట్ ఔట్ ఆఫ్ వేస్ట్‌లో మొదటి బహుమతి ఎవరికివ్వాలో నేను చెప్పక్కర్లేదు. పాతదాన్ని వాడటంలో మా ఆవిడ కూడా వాళ్ళ తర్వాతే.

నేను స్కేలు, పెన్సిలు తీసి బురుజులు గీస్తుండగా మనవడు పెట్టెలోకి దూరాడు. మళ్ళీ బయటికి రాలేదు. కాసేపు అది ఎంఎంటీఎస్ రైలు. కాసేపు లిఫ్టు. తర్వాత దుకాణం, నాకు ఉల్లిగడ్డలు అమ్మాడు, చిల్లర ఇవ్వలేదు. అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్ళో ఆటబొమ్మల కీర్తిమందిరం ఒకటుంది. 2005లో వాళ్ళు అట్టపెట్టెను అందులో చేర్చారు. 2008లో కర్రపుల్లను కూడా చేర్చారు. ఈ రెండిటికీ రావాల్సిన గౌరవమే. బురుజులు గీసిన స్కేలుకు మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వరు.

మనవరాలు మాత్రం పోటీ మనిషి. చాయ్‌పత్తా డబ్బా ఒళ్ళు, టూత్‌పేస్ట్ ట్యూబు కోసి చేతులు, మూతలు చెవులు, ఒకే ఒక్క గుండీ కన్ను. రోబో అంది. నన్ను తాకనివ్వలేదు. పట్టుకోమన్నచోట పట్టుకున్నాను. అంతవరకే నా వంతు.

పోటీ రోజు బడి హాలంతా ఏడేళ్ళ ఇంజినీర్ల పనితనం. లైట్లు వెలిగే చార్మినార్. నీళ్ళు చిమ్మే ఫౌంటెన్. తలుపులు తెరుచుకునే మెట్రో స్టేషన్. వాటి పక్కన ఆ పిల్లల నాన్నలు వేళ్ళకు ప్లాస్టర్లు వేసుకుని, నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో నిలబడ్డారు. జడ్జిగారు మా ఒంటికంటి రోబో దగ్గర ఆగి, “ఇది ఏం పనికొస్తుందమ్మా?” అన్నారు.

“నానమ్మ వస్తువులకు కావలి కాస్తది.”

బహుమతి రాలేదు. చార్మినార్‌కు వచ్చింది. దాన్ని చేసిన పిల్లాడు స్టేజీ ఎక్కి, ఎలా చేశావని మైకులో అడిగితే, “ప్లగ్గు పెట్టాలె” అన్నాడు.

బాధంతా తర్వాతే. పాత పేపర్ల అతనికి రోబోను ఇవ్వబోయాను, మనవరాలు బడిలో ఉన్న సమయం చూసి. అతను చేతిలో తిప్పి చూసి వెనక్కిచ్చాడు. “అట్ట అయితే అట్ట రేటు, ప్లాస్టిక్ అయితే ప్లాస్టిక్ రేటు సార్. రెండూ అంటుకపోయి, మీదికెళ్ళి మెరుపులు. ఎవలు తీస్కుంటరు?” నిజమే, విడివిడిగా ఉంటేనే కాటాకెక్కుతాయి. చాయ్‌పత్తా డబ్బాగా ఉన్నన్నాళ్ళు దానికి ధర ఉంది. లోకంలో చెత్త తగ్గించడానికి చేసిన బొమ్మ, మా ఇంట్లో మొట్టమొదటి అసలు సిసలు చెత్త అయింది.

చెత్త బండి వచ్చినప్పుడు దీన్ని తడి బుట్టలో వేయాలా, పొడి బుట్టలో వేయాలా అని చూస్తుండగా మనవరాలు మెట్లు దిగి వచ్చేసింది. సెలవని నేను మర్చిపోయాను. బండి అబ్బాయి పొడి చెత్త అన్నాడు. ఆమె రోబో అంది. అతను రోబో వంక చూశాడు. ఇలాంటి బండ్ల ముందు భాగాన ఎవరో పారేసిన టెడ్డీ బేర్‌నో, చెయ్యి లేని బొమ్మనో కట్టి ఉండటం మీరూ చూసే ఉంటారు. ఈ బండికి ఆ జాగా ఖాళీగా ఉంది. “ఈడ కట్టుకుంట పాపా, రోజూ వచ్చి చూస్కో” అన్నాడు. పిల్ల లోపలికి పరిగెత్తి, తాడు తెచ్చి, తనే దగ్గరుండి ముడి వేయించింది. ఒంటికంటి రోబో లాల్ బజార్ వైపు మొహం పెట్టి బయల్దేరింది. పిల్లలిద్దరూ చప్పట్లు కొట్టారు, నేను కూడా కొట్టాను.

బాల్కనీలోంచి మా ఆవిడ గొంతు వినబడింది.

“నా పురికొస ఉండ ఎవలు ముట్టిన్రు?”