రాళ్లు వదలని కార్టూనిస్టు

రాయలసీమ వ్యంగ్యచిత్రకారులను వారి జీతపు ఉద్యోగాలను బట్టి వర్గీకరించడం కష్టమేమీ కాదు. ఒకరు బ్యాంకులో, ఒకరు బడిలో, మరొకరు కరెంటాఫీసులో పగలంతా గడిపి, రాత్రి భోజనాలయ్యాక బల్ల ముందు కూర్చుని లోకాన్ని ఆటపట్టిస్తారు. ఈ వర్గీకరణకు లొంగని ఒక ప్రత్యేక జాతి మాత్రం జమ్మలమడుగు పరిసరాల్లో కానవస్తుంది. గండికోట మీద బొమ్మల కథ ఒకటి వేసి తీరవలెనన్న సంకల్పంతో ఆదివారం పూట బైకెక్కి, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాల కట్ట, రెండు పెన్సిళ్లు, ఒక చెనిక్కాయల పొట్లంతో పెన్నా లోయ అంచున కూర్చునే ఈ వ్యక్తిని సౌలభ్యం కోసం ‘కోట కార్టూనిస్టు’ అని వ్యవహరించవచ్చు. లోయకు వీపు చూపించి సెల్ఫీలు దిగే యాత్రికులు ఇతడిని ఫొటో తీసిపెట్టమని అడుగుతారు గనుక, ఇతడి ఉదయంలో సగం ఇతరుల ముఖాలను చట్రంలో ఇమిడ్చడానికే ఖర్చవుతుంది.

ఇతడికి వంశగౌరవం పట్ల పట్టింపు ఎక్కువ. తొలి తెలుగు వ్యంగ్యచిత్రకారుడిగా పేరొందిన తలిశెట్టి రామారావు నుంచి బాపు దాకా పరంపరను వల్లించి, ఆ వల్లింపును ఎల్లప్పుడూ కడప జిల్లా దగ్గరే ముగిస్తాడు. 1947లో ‘చందమామ’ను చక్రపాణితో కలిసి ప్రారంభించిన బి. నాగిరెడ్డి ఈ జిల్లా బిడ్డే కావడం, భుజాన శవంతో నడిచే విక్రమార్కుణ్ణి ఇంటింటికీ పరిచయం చేసిన చిత్రకారుడు శంకర్ ఆ పత్రికకే బొమ్మలు వేయడం ఇందుకు ఆధారాలు. శంకర్ తమిళ ప్రాంతం వాడు కదా అని ఎవరైనా అంటే, పత్రిక మనది గనుక భేతాళుడు కూడా మనవాడేనని తీర్పు చెబుతాడు.

కథావస్తువు కోసం ఇతడు వెతుక్కోవలసిన పని లేదు. పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఈ కోటను గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా గెలుచుకోవడం, 1652లో వజ్రాల వర్తకుడు టావెర్నియే అనే ఫ్రెంచివాడు అతణ్ణి కలుసుకోవడానికి ఇక్కడికి రావడం చరిత్రలో ఉన్నవే. మీర్ జుమ్లా తన కొలువులోని ఫ్రెంచి పనివాడి చేత ఫిరంగులు పోత పోయించడం కోసం గుళ్ల విగ్రహాలను పోగు చేయించగా, గండికోట గుడికి చెందిన కొన్ని రాగి విగ్రహాలు ఎంత మంట పెట్టినా కరగలేదని ఆ వర్తకుడు రాసుకున్నాడు. కొలిమి ముందు చెమటలు కక్కుతున్న ఫ్రెంచి పనివాడు, కదలక మెదలక నిలబడిన దేవుడు, వెనక చేతులు కట్టుకుని చూస్తున్న మంత్రి ఉన్న ఈ ఘట్టం ఏ కార్టూనిస్టుకైనా వడ్డించిన విస్తరి వంటిది.

ఆ విస్తరిని ఇతడు మొదట గౌరవంగానే అందుకుంటాడు. రఫ్ స్కెచ్ అంటే భావం చల్లారకముందే కాగితం మీద పడేసే తొలి గీతల ముసాయిదా. కోట కార్టూనిస్టు దానిని తరచుగా చెనిక్కాయల పొట్లాన్ని విప్పి, ఆ కాగితం వెనక వేస్తాడు. లోయకు రెండు నిలువు గీతలు, మంత్రికి ఒక తలపాగా, పనివాడికి ఒక వంగిన నడుము, దేవుడికి రెండు చుక్కల కళ్లు పడేసరికి, పక్కన గొర్రెలు మేపుకునే పెద్దాయన తొంగి చూసి నవ్వుతాడు. పరిశీలకుల అభిప్రాయంలో పని ఇక్కడితో పూర్తయినట్టే.

పతనం పెన్సిలుతో ఆరంభమవుతుంది. రఫ్‌ను శుభ్రమైన కాగితం మీదకు ఎత్తి, ఎవరు ఎక్కడ నిలబడాలో, మాటల బుడగలకు ఎంత చోటు వదలాలో నిర్ణయించుకునే దశ ఇది. కానీ ఇతడు తల ఎత్తగానే ఎదురుగా లోయ గోడ కనబడుతుంది. భూగర్భశాస్త్రజ్ఞులు ‘గండికోట క్వార్ట్‌జైట్’ అని ప్రత్యేకంగా పేరు పెట్టుకున్న ఈ శిల, అంటే ఒకప్పటి ఇసుక పొరలు కాలక్రమంలో గట్టిపడి ఏర్పడిన రాయి, ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు దిమ్మెలు దిమ్మెలుగా నిలిచి ఉంటుంది. ఇంత కష్టపడి ప్రకృతి పేర్చిన రాతిని వదిలివేయడం ఇతడికి ద్రోహంగా తోస్తుంది. ఒక రాయి వేసినవాడు దాని పక్క రాయిని వేయక తప్పదు; లోయ గోడ పూర్తయ్యాక కోటగోడకు అన్యాయం జరగకూడదు; కోటగోడ అయ్యాక మాధవరాయస్వామి గుడి గోపురం, ధాన్యాగారం, జామియా మసీదు వరుసగా తమ వాటా అడుగుతాయి. వారం తిరిగేసరికి మీర్ జుమ్లా చీమ పరిమాణానికి తగ్గిపోతాడు.

“ఏమల్లుడా, నవాబు యాడుండాడు దీంట్లో? అంతా బండలే కనపడ్తాండాయి!” అని మేనమామ అడిగితే, “ఉండాడు మామా, ఆ రెండో బండ సందులో చూడు” అని ఇతడు వేలితో చూపిస్తాడు.

తర్వాతిది ఇంకింగ్, అనగా పెన్సిలు గీతల మీద పాళీతో గానీ కుంచెతో గానీ నల్లసిరా దిద్ది, సిరా ఆరాక పెన్సిలును రబ్బరుతో చెరిపివేయడం. కడప ఎండల్లో ఇది సాహసకృత్యమే. ఫ్యాను వేస్తే కాగితం లేస్తుంది, ఆపితే నుదుటి చెమట తడి సిరా మీద రాలుతుంది. రాలిన చోట ఏర్పడిన మరకకు ఇతడు రెండు రెక్కలు తగిలించి గద్దను చేస్తాడు గనుక, ఆకాశంలోని గద్దలను లెక్కపెట్టి ఆ బొమ్మ ఏ నెలలో వేసిందో చెప్పవచ్చు. మే నెల బొమ్మల్లో కోట ముట్టడి కంటే గద్దల ముట్టడి తీవ్రంగా ఉంటుంది.

రాళ్లకు నీడ చూపడానికి ఇతడు క్రాస్ హ్యాచింగ్‌ను, అంటే ఒకదానినొకటి ఖండించుకునే సన్నగీతల అల్లికను ఆశ్రయిస్తాడు. బొమ్మను అచ్చయ్యే కొలత కంటే పెద్దగా వేసి కుదించడం ఈ వృత్తిలో పాత ఆనవాయితీ. కుదిస్తే గీతల వణుకు కనబడదు. అయితే దగ్గరదగ్గరగా గీసిన అల్లిక కుదింపులో ముద్దవుతుందన్న సంగతి, జింకు రేకు మీద ఆమ్లంతో బొమ్మను చెక్కించే బ్లాకుల కాలం నుంచీ కార్టూనిస్టులకు తెలిసినదే. బెల్జియం దేశస్థుడు హెర్జే టిన్‌టిన్ కథల్లో నీడల అల్లికను దాదాపు పక్కనబెట్టి, తేటగీతతోనే ఊళ్లకు ఊళ్లు కట్టాడు. బాపు నాలుగు గీతల్లో బుడుగు మొత్తాన్నీ పట్టుకున్నాడు. ఈ ఉదాహరణలను కోట కార్టూనిస్టు కాదనడు. బుడుగు వెనక క్వార్ట్‌జైట్ లేదు కదా అని మాత్రం గుర్తుచేస్తాడు.

చివరికి మాటల బుడగల వంతు వస్తుంది. పారశీకంలో పుట్టిన మీర్ జుమ్లా చేత “ఏంరా, ఇంగా కరగల్యా?” అని జమ్మలమడుగు యాసలో పలికించడం ఇతడి సొంత ప్రతిభ, అది నిజంగా బాగుంటుంది. కానీ బుడగకు చోటేది? రాళ్ల మీద పెట్టడానికి చేతులు రావు; గోపురం మీద పెడితే అపచారం; తర్జనభర్జన తర్వాత బుడగ వెళ్లి మంత్రి ముఖం మీదనే కూర్చుంటుంది.

ఈ తరం కోట కార్టూనిస్టు కాగితాన్ని స్కాన్ చేసి, కంప్యూటరులో రంగులు దిద్దుతాడు. అక్కడ బొమ్మను లేయర్లుగా, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శకమైన పొరలుగా విడదీసుకోవచ్చు; మనుషులు ఒక పొర, బుడగలు ఒక పొర, రాళ్లు పదకొండు పొరలు. రంగులు నింపడంలో సాయానికి వచ్చిన మేనల్లుడు ఒకసారి పొరపాటున రాళ్ల పొరలన్నిటినీ ఆర్పివేయగా, తెల్లటి తెర మీద కొలిమి, పనివాడి నడుము, దేవుడి రెండు కళ్లు మాత్రమే మిగిలి, ఇద్దరికీ ఒక్కసారిగా నవ్వొచ్చింది.

“మామా, ఇదే బాగుండాది.”

“బాగుండాదిలేరా. గండికోట అని ఎట్ట తెలుస్తాది?”

“పైన అంత లావు అచ్చరాలతో పేరు రాసినావు గదా మామా!”

కోట కార్టూనిస్టు ఆ అక్షరాల వైపు కాసేపు చూసి, వాటికీ రాతికట్టడం లాగా పగుళ్లు వేయవలసి ఉందని గుర్తించి, పన్నెండో పొర తెరిచాడు.