లావు బోల్టు సిద్ధాంతం

నర్సీపట్నం చుట్టుపక్కల రాతి క్రషర్ పెట్టడానికి మూడుంటే చాలు: కొండ, కరెంటు, "ఏటీ అవదు బాబూ, నానున్నాను కదా" అనే మేస్త్రీ. యంత్రం కొనేముందు ఓనరు పదిమందిని వాకబు చేస్తాడు. దాన్ని నేలకు పట్టి ఉంచే ఫౌండేషన్ బోల్టు కోసం మాత్రం ఇనుప కొట్టుకే వెళతాడు. అక్కడ అడిగేది ఒకటే: "ఎంత లావుది కావాలండీ?"

మన ఇంజనీరింగ్ అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. 24 ఎం.ఎం. బోల్టు తెగిందా, 36 వెయ్యండి. అదీ తెగిందా, పక్కన ఇంకో రెండు దింపండి. ఎందుకు తెగుతోందంటే, "ఈ మధ్య ఇనుములో సరుకు లేదండీ."

పాపం ఇనుము! జా క్రషర్ నిమిషానికి 250 సార్లు నోరాడిస్తుందనుకున్నా, పది గంటల్లో లక్షన్నర దెబ్బలు. ముందే తగినంత బిగించి ఉంటే బేస్‌ప్లేటూ కాంక్రీటూ ఒకదాన్నొకటి అదుముకుని ఉంటాయి, బోల్టు దాకా వచ్చే దెబ్బ స్వల్పం. వదులుగా ఉంటే ప్రతి దెబ్బా బోల్టే తినాలి, చివరికి అలసి తెగాలి. గడ్డిమోపుకు ఎంత లావు మోకు వేసినా, బిగించకపోతే దారిలోనే జారుతుంది. పైగా అదే స్పానరు, అదే చెయ్యి అయితే 36 ఎం.ఎం. బోల్టుకు వచ్చే బిగువు 24కి వచ్చేదాంట్లో సుమారు మూడింట రెండు వంతులే. ఎక్కువ డబ్బిచ్చి తక్కువ పట్టు కొనుక్కోవడమంటే ఇదే.

బిగించినప్పుడు బోల్టు కాస్త సాగాలి. అందుకే పైభాగానికి పైపు తొడిగి, లోపల ఖాళీ ఉంచుతారు. మన మేస్త్రీకి ఖాళీ కనిపిస్తే ఊరుకోబుద్ధి కాదు. తాపీతో సిమెంటు కూరి, పైన నున్నగా పామి, "ఇప్పుడు గట్టిగా ఉంది" అంటాడు.

బోల్టుల్ని సరైన చోట నిలబెట్టే టెంప్లేటు వాడరు, బైండింగ్ వైరుతో కడతారు. కాంక్రీటు పోసేటప్పుడు అవి వాలిపోతాయి. యంత్రం దించాక కన్నాలు కలవవు. అప్పుడు గ్యాస్ కట్టరు వస్తుంది: బేస్‌ప్లేటు కన్నం కోడిగుడ్డంత అవుతుంది, వాలిన బోల్టు ఎర్రగా కాలి వంగుతుంది. ఆఖరున నట్టుకు వెల్డింగు, "ఇక జన్మలో ఊడదు" అనే హామీ. నిజమే, ఊడదు. వదులైనా మళ్లీ బిగించే దారి లేదు కనుక విరుగుతుంది.

ఇంజనీర్లూ తక్కువ తినలేదు. పాత డ్రాయింగులో ఓనరు పేరు మార్చి సంతకం పెట్టేవాళ్లున్నారు. లాగుడు ఎక్కువైతే కాంక్రీటే బోల్టు చుట్టూ శంకువులా లేచి వస్తుందనీ, అంచుకు దగ్గరైతే ఆ శంకువులో సగం ఉండనే ఉండదనీ వాళ్లకు తెలీదా? తెలుసు. యంత్రాల పునాదులకు ఐఎస్ 2974 అని అయిదు భాగాల ప్రమాణం ఉందనీ, ఫౌండేషన్ బోల్టులకు ఐఎస్ 5624 ఉందనీ తెలుసు. లెక్క కట్టే ఫీజు అడిగితే, ఓనరు మళ్లీ మేస్త్రీ దగ్గరికే పోతాడనీ తెలుసు.

ఓనరు గారూ, ఈసారి పునాదికి నాలుగు అడగండి: బోల్టుకు బిగువెంత, లోతెంత, అంచుకు దూరమెంత, మళ్లీ బిగించేదెప్పుడు. "లావుదే వేశామండీ" అని జవాబొస్తే, మిక్సర్ స్టార్ట్ చేయనివ్వకండి.