బావగారి స్వయంపాకం

పూర్వం కొందరు పెద్దలుండేవారు. ఎవరింటికి వెళ్ళినా అక్కడ వండింది ముట్టరు. బియ్యం, పప్పు, రెండు వంకాయలు, నాలుగు పుల్లలు ఇప్పించుకుని, పెరట్లో మూడు రాళ్ళు పేర్చి తామే వండుకునేవారు. దాన్ని స్వయంపాకం అనేవారు. ఆ వంటకి నీళ్ళు తోడేవాడొకడు, పొయ్యి ఊదేవాడొకడు, విస్తరాకు కోసుకొచ్చేవాడొకడు కావాలి. ఇంటిల్లిపాదీ పరుగులు పెడితేగాని ఆ పెద్దాయన ‘స్వయంగా’ వండుకోవడం పూర్తయ్యేది కాదు. మా బావ ఆ వంశంవాడే. కాకపోతే ఆయన వండేది కారు.

బావది విజయవాడ, పటమట. ఆటోనగర్‌కి కూతవేటు దూరం. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి లారీ షెడ్లలో పానాలందిస్తూ పెరిగాడట. వాళ్ళ నాన్నగారి బజాజ్ చేతక్ పొద్దున్నే మొరాయిస్తే దాన్ని పక్కకి వంచి, లేపి, కిక్కు కొట్టి దారికి తెచ్చేది తనేనట. ఈ ‘ట’లన్నీ ఎందుకంటే, మా అక్క పెళ్ళిచూపులకి ఆయన వచ్చింది ఆ స్కూటరుతోనే. తోసుకుంటూ.

ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు, డేటాబేసుల ఉద్యోగం. నెలజీతం మీద బతికే మనిషి నెలకో మనిషి కడుపు కొడుతుంటాడు. ప్లంబర్‌ని పిలవడు, గడ్డి కోసేవాణ్ణి పిలవడు, ఇంటికి రంగు తనే, కొడుక్కి క్షవరం తనే. ఆ పిల్లాడు ఏడో క్లాసు దాకా బడికి టోపీతో వెళ్ళాడు. ‘మన వస్తువు మీద ఎవడో వచ్చి చెయ్యి వెయ్యడమేంట్రా?’ అంటాడు బావ. అందుకని ఆ ఇంట్లో ఏదైనా పాడైతే అక్క ముందుగా చేసే పని, అది బావ చెవిన పడకుండా చూడటం. వాషింగ్ మెషీన్ కీచుమంటోందని మూడు నెలలపాటు బట్టలు ఉతికేటప్పుడల్లా టీవీ గట్టిగా పెట్టేది పాపం.

కారు విషయంలో ఆ ఎత్తు పారలేదు. వాళ్ళది 2010 మోడల్ హోండా ఒడిస్సీ. టైమింగ్ బెల్టు లక్షా అయిదు వేల మైళ్ళకో, ఏడేళ్ళకో మార్చాలని లెక్క. మొదటిసారి గడువు వచ్చినప్పుడు బావకి ఆఫీసులో ఊపిరాడక షాపులో మార్పించాడు. ఆ అవమానం ఆయన్ని ఇన్నేళ్ళూ తొలిచేసింది. ‘మార్చారో లేదో ఎవడు చూశాడు? మూత తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి బిల్లు వేసుంటారు’ అనేవాడు. పోయిన ఏడు జూలైలో మీటరు రెండో గడువు దగ్గరికి వచ్చేసరికి నాకు ఫోను వచ్చింది.

‘శుక్రవారం సాయంత్రం వచ్చెయ్. సగం రోజు పని. ఊరికే టార్చి పట్టుకుంటే చాలు.’

ఈ దేశంలో పదిహేనేళ్ళుగా ఉన్నాను. రెండు డిగ్రీలున్నాయి. నా కింద పదకొండు మంది పనిచేస్తారు. బావ దృష్టిలో నేను టార్చి స్టాండుని.

వెళ్ళగానే కాఫీ ఇచ్చి పాఠం చెప్పాడు. చెప్పడంలో ఆయనకి సాటి లేరు, ఒప్పుకోవాలి. ఇంజను కింద క్రాంకు, పైన రెండు క్యాములు, మూడింటినీ కలిపి కట్టింది ఒక రబ్బరు బెల్టు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక్క చుట్టు తిరగాలి. క్యాములు వాల్వుల్ని తెరిచి మూస్తుంటాయి, పిస్టన్లు వాటి కిందికొచ్చి వెనక్కి పోతుంటాయి. బెల్టు తెగితే తెరుచుకున్న వాల్వులు తెరుచుకున్నట్టే ఉండిపోతాయి, పిస్టన్లు వచ్చి వాటిని గుద్దేస్తాయి. ‘రోడ్డు పక్కన కారు తలుపు తీసి పెట్టావనుకో. లారీ వచ్చింది. అంతే!’ అన్నాడు. వాటర్ పంపుని తిప్పేది కూడా ఆ బెల్టే. పంపు చూస్తే చిన్న ముక్క. కాని దాని దగ్గరికి పోవాలంటే ఇవన్నీ విప్పాలి. కాబట్టి పంపు బాగానే ఉన్నా మార్చెయ్యాలి. ఎలాగూ విప్పాం కదా.

ఈ ‘ఎలాగూ విప్పాం కదా’ మంత్రం చాలా ప్రమాదకరమైనది. దాంతోనే థర్మోస్టాట్ వచ్చింది, ఆరు స్పార్క్ ప్లగ్గులు వచ్చాయి, బయటి బెల్టు వచ్చింది. ఇంకాస్సేపుంటే సీటు కవర్లు కూడా వచ్చేవి. షాపువాడు అడిగింది పన్నెండు వందల డాలర్లు. బావ ఎక్సెల్ షీటు చూపించాడు: బెల్టు, పంపు, కప్పీలు, టెన్షనర్ కలిపి ఒక పెట్టె, ఇంపాక్ట్ రెంచి, టార్క్ రెంచి, క్రాంకు కప్పీని కదలకుండా పట్టే యాభై ఎంఎం షడ్భుజి, జాకీ, స్టాండ్లు... మొత్తం పదకొండు వందల ముప్ఫై. చివరి గడిలో ఆకుపచ్చ రంగులో ‘ఆదా: 70’. నా రెండు రోజులకి అందులో గడి లేదు.

వాళ్ళ కాలనీ సంఘానికి వీధిలోంచి కనబడేలా కార్లు విప్పితే కోపం. ఒకసారి ఉత్తరం కూడా వచ్చింది. అందుకని గ్యారేజీ తలుపు మోకాలెత్తు దాకా దించేశాడు. టెక్సస్ జూలై, బయట నూట నాలుగు డిగ్రీల ఫారన్‌హీటు. లోపల ఎంతో కొలిచే ధైర్యం ఎవరికీ లేదు.

విప్పిన బోల్టుల కోసం బావ కనిపెట్టిన పద్ధతి చూసి మాత్రం నాకు ముచ్చటేసింది. జిప్పు సంచుల మీద ఒకటి, రెండు అని వేస్తే తికమకట. వరసగా అ, ఆ, ఇ, ఈ అని తెలుగు అక్షరాలు రాసి పెట్టుకున్నాడు. విప్పింది విప్పినట్టు అక్షరక్రమంలో సంచుల్లోకి వెళ్తుంది, బిగించేటప్పుడు వెనకనుంచి రావాలి. ఆదివారాలు తెలుగు క్లాసుకెళ్ళే మా మేనకోడలికి సంచులందించే ఉద్యోగం. ‘నాన్నా, ౠ సంచీలో ఏం వెయ్యాలి?’ అంటే, ‘అది ఎవరూ వాడరమ్మా, వదిలెయ్’ అన్నాడు.

శుక్రవారం రాత్రంతా ఒక్క బోల్టు తినేసింది. క్రాంకు కప్పీ మధ్యలో ఉండే పంతొమ్మిది ఎంఎం బోల్టు. హోండా కార్లు విప్పేవాళ్ళకి పీడకలలో వచ్చేది ఇదేనట. ఇంపాక్ట్ రెంచి అరగంట గోలపెట్టి వేడెక్కి ఆగిపోయింది. పెద్ద రాడ్డు పెట్టాం, దానికి నాలుగడుగుల పైపు తొడిగాం, ఇద్దరం వేళ్ళాడాం. బావ తిట్టాడు, బతిమాలాడు, నూనె చిలకరించాడు, ఆంజనేయస్వామికి మొక్కుకున్నాడు. పదకొండింటికి విసుగెత్తి ‘నువ్వు చూడరా’ అని పక్కకి జరిగాడు. నేను ఒక్క తోపు తోశాను. ఠంగుమని వదులైంది. గ్యారేజీ అంతా నిశ్శబ్దం. బావ మొహం తుడుచుకుని, ‘నేను వదులు చేసి పెట్టాను కాబట్టి వచ్చింది’ అన్నాడు. ఆవకాయ జాడీ మూత దగ్గర అక్క కూడా ఆయనకి ఇదే మాట చెబుతుంది. అప్పుడు మాత్రం ఆయన ఒప్పుకోడు.

శనివారం టార్చి పట్టాను. టార్చి పట్టడం ఎవరికీ చాతకాని పని అని మనవాళ్ళ ఇళ్ళల్లో పుట్టిన ప్రతి మగపిల్లాడికీ తెలుసు. కరెంటు పోయినప్పుడు నాన్న ఫ్యూజు వేస్తుంటే మొదలయ్యే శిక్ష ఇది. వెలుతురు ఎప్పుడూ ఉండాల్సిన చోట ఉండదు. ‘బోల్టు మీద వెయ్యరా, నా బుర్ర మీద కాదు’ అంటాడు బావ, బోల్టుకీ టార్చికీ మధ్య బుర్ర పెట్టి. ఫోనులో వీడియో నడుస్తోంటుంది. చేతుల నిండా జిడ్డు కాబట్టి ముక్కుతో ఆపుతాడు, ముక్కుతో వెనక్కి తిప్పుతాడు. ఆ వీడియో ఆయన్ని ‘గురువుగారు’ అంటాడు. గురువుగారు పది నిమిషాల్లో చేసింది మాకు మూడు గంటలు పట్టింది.

పక్క మౌంటు తీసి, ఇంజను కింద చెక్కముక్క పెట్టి జాకీ మీద నిలబెట్టాక మూతలు ఊడాయి. లోపల చూస్తే షాపువాళ్ళు పోయినసారి వేసిన బెల్టు చక్కగా, గుర్తులతో సహా ఉంది. పంపు పొడిగా ఉంది, ఒక్క చుక్క కారలేదు. బావ మొహం వాడిపోయింది. ఇన్నేళ్ళుగా పెంచుకున్న అనుమానం కదా, సొంత బిడ్డ పోయినట్టయింది.

ఇక్కడో చిన్న విషయం, తర్వాత పనికొస్తుంది. బెల్టు తీసేముందు టెన్షనర్ కదలకుండా, బ్యాటరీని పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఒకటి తీసి, దాని కొస అరగదీసి, అక్కడ చేత్తో బిగించమని మాన్యువల్లో ఉంది. టెన్షనర్ ఎలాగూ కొత్తది వేస్తున్నప్పుడు ఆ తంతు అక్కర్లేదు. కాని పుస్తకంలో ఉంది కాబట్టి బావ గంటసేపు ఆకురాయితో అరగదీశాడు. అది బెల్టు విషయంలో విప్పిన బోల్టు కాదు, అరువు బోల్టు. దానికి అక్షరం ఇవ్వలేదు.

బెల్టు ఊడగానే వెనకవైపు క్యాము చక్రం టక్కుమని తనంతట తనే తిరిగింది. వాల్వు స్ప్రింగులు తోస్తే అలా అవుతుందట, గురువుగారు ముందే చెప్పారు. తెలిసి కూడా బావ గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. అక్క పప్పన్నంలో గోంగూర కలిపి ముద్దలు నోట్లో పెడితే మౌనంగా తిన్నాడు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు. జిడ్డు చేతులు వెనక్కి పెట్టుకుని, బకెట్టు మీద కూర్చుని, నోరు తెరిచిన ఆయన్ని చూస్తే, ఆ క్షణం మట్టుకు, నాకు కోపం రాలేదు. సాయంత్రం పంపు లాగితే ఇంజను పొట్టలో మిగిలిన నీలం కూలెంటు నా మోచేతి మీదుగా చంకలోకి వచ్చింది. కోపం తిరిగొచ్చింది.

ఆదివారం పొద్దున్న అక్క నా కారు తీసుకుని ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళిపోయింది. నాకు పారిపోయే దారి కూడా మూసుకుపోయింది. కొత్త బెల్టు ఎక్కింది, గుర్తులు కలిశాయి. ఇక క్రాంకుని చేత్తో తిప్పి, గుర్తులు మళ్ళీ కలుస్తాయో లేదో చూడాలి. రెండు చుట్లు చాలంటారు. బావ మనసొప్పలేదు. చిలుకూరు బాలాజీ దగ్గర వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసిన మనిషి. ఇక్కడా పదకొండు చుట్లు తిప్పాడు. వంగి చూశాడు. కింద క్రాంకు గుర్తు సరిగ్గా ఉంది. పైన క్యాముల గుర్తులు రెండూ తలకిందులు.

బావ నేలమీద కూర్చుండిపోయాడు. ‘అయిపోయిందిరా’ అన్నాడు. నేను టార్చి ఆర్పేశాను, గౌరవసూచకంగా. మేనకోడలు సంచీల మధ్యనుంచి తలెత్తి, ‘రెండుకి ఒకటి అన్నావు కదా నాన్నా? పదకొండు బేసి సంఖ్య’ అంది. బావ లేచి పన్నెండో చుట్టు తిప్పాడు. అన్నీ వచ్చి ఎక్కడివక్కడ నిలబడ్డాయి. కారు స్టార్టయితే నూట ఎనిమిది అని మొక్కుకోబోయాడు, నేను ఆయన నోరు మూశాను.

అదే సమయానికి అక్క వ్రతం నుంచి వచ్చింది. బావ చేతిలో అప్పుడే ఊడదీసిన అరువు బోల్టు ఉంది. ‘ఏవండీ, ప్రసాదం’ అనగానే దాన్ని కారు అంచు మీద పెట్టి నోరు తెరిచాడు.

రాత్రి తొమ్మిదింటికి ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఎంత మెత్తగా నడిచిందంటే, నడుస్తోందో లేదో అని బావ దాని మీద చెవి పెట్టి విన్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. వెంటనే పటమటలో వాళ్ళ నాన్నగారికి వీడియో కాల్ చేశాడు. ‘సంచులన్నీ ఖాళీ నాన్నా! ఒక్క బోల్టు మిగల్లేదు!’ అని అరుస్తున్నాడు. నేను అప్పుడు గ్యారేజీ ఊడుస్తున్నాను. చీపురుకి తగిలి ఒకటి దొర్లింది. పొడుగ్గా ఉంది, ఒక కొస అరగదీసి ఉంది.

చెప్పాలి. చెబితే ఏమవుతుంది? ‘అ’ నుంచి మళ్ళీ విప్పుతాడు. టార్చి ఎవరు పట్టుకుంటారు? జేబులో వేసుకున్నాను.

మూడు వారాల తర్వాత ఫోను వచ్చింది. స్పీడు బ్రేకరు మీద ముందువైపు దబ్ దబ్ అని ఏదో కొట్టుకుంటోందట. స్టెబిలైజర్ లింకులు మార్చాడు. చప్పుడు పోలేదు. ఏవో బుష్షులు మార్చాడు. పోలేదు. ‘షాపుకి తీసుకెళ్ళకూడదా బావా?’ అన్నాను. ఆయన ఫోను పెట్టేశాడు. ఆ రాత్రి పాపభీతితో నేనూ గురువుగారి వీడియో చూశాను. పద్నాలుగో నిమిషంలో ఆయన ఒక పొడుగాటి బోల్టు పట్టుకుని కొస అరగదీస్తున్నారు. బ్యాటరీ బోల్టు అన్నారు. అంటే అక్కడ ఒంటి బోల్టు మీద బ్యాటరీ ఊగుతోంది.

నిన్న మళ్ళీ ఫోను. ‘స్ట్రట్లు తెప్పించాను. శనివారం వచ్చెయ్, సగం రోజు పని.’ వస్తానన్నాను. ఆయన చక్రం దగ్గర తల దూర్చి ఉన్నప్పుడు చప్పుడు చెయ్యకుండా బానెట్టులో బోల్టు బిగించేస్తే సరి, పేరు స్ట్రట్లకే వస్తుంది. కావాల్సిందల్లా పది ఎంఎం సాకెట్టు. దాని కోసం పొద్దున్న దుకాణానికి వెళ్ళాను. విడిగా కొనడం కన్నా సెట్టు లాభం అనిపించింది. నూట అరవై ముక్కలు, పెట్టెతో సహా.

మా ఆవిడ పెట్టెని చూసి, ‘ఇదెందుకండీ?’ అంది.

మన కారు కూడా తొంభై వేల మైళ్ళు తిరిగింది కదా అన్నాను. ఆవిడ వెళ్ళి టీవీ సౌండు పెంచింది.