కెనాన్ 5డి మార్క్ 2: ఒక కెమెరా ఆత్మకథ

కెనాన్ సంస్థ 2008 సెప్టెంబరు 17న ప్రకటించిన 5డి మార్క్ 2 కెమెరా తన కథను తానే చెప్పుకోదలిస్తే, ముందుగా చెప్పవలసింది తాను వీడియో కోసం పుట్టలేదన్న సంగతి. 2.11 కోట్ల పిక్సెళ్ళతో ఫొటోలు తీయడమే దాని అసలు పని. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున ఫుల్ హెచ్‌డీ వీడియో తీసే సామర్థ్యం, వార్తా ఫొటోగ్రాఫర్లకు ఉపయోగపడుతుందని చేర్చిన అదనపు సదుపాయం మాత్రమే. డీఎస్‌ఎల్‌ఆర్‌లలో (లోపల అద్దం, మార్చుకోగల లెన్సు ఉన్న ఇలాంటి డిజిటల్ కెమెరాలలో) తొలిసారి వీడియో తీసిన ఘనత కూడా దానిది కాదు, కొద్ది వారాల ముందే వచ్చిన నికాన్ డి90ది. అయినా సినిమా తీసేవారి చూపు తన మీదే ఎందుకు నిలిచిందో ఈ యంత్రానికి బాగా తెలుసు, ఎందుకంటే తన సద్గుణాలకూ తన ఇబ్బందులకూ మూలం ఒకటే: 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న తన సెన్సార్.

సెన్సార్ అంటే లెన్సు గుండా వచ్చిన వెలుగును విద్యుత్ సంకేతాలుగా మార్చే పలక. ఆనాటి వార్తా చానెళ్ళ వీడియో కెమెరాలలోని సెన్సార్ల కంటే ఇది వైశాల్యంలో పది రెట్లకు పైగా పెద్దది, 35 మిల్లీమీటర్ల సినిమా ఫిలిం మీది ఫ్రేము కంటే కూడా పెద్దది. పలక పెద్దదైనకొద్దీ, అదే దృశ్యాన్ని పట్టడానికి ఎక్కువ నాభ్యంతరం ఉన్న లెన్సు కావలసివస్తుంది. దానివల్ల మనిషి ముఖం స్పష్టంగా ఉండి వెనుకనున్న గోడలూ చెట్లూ దీపాలూ మెత్తగా కరిగిపోతాయి. అంతవరకూ ఖరీదైన సినిమా కెమెరాలకే సాధ్యమైన ఆ అందం, పెళ్ళి వీడియోలు తీసే కుర్రవాడి చేతికి తొలిసారి అందింది.

ఆ అందానికి చెల్లించవలసిన మూల్యం మొదటి షాట్‌లోనే తెలిసివస్తుంది. 50 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 1.4 వద్ద, అంటే దాని ద్వారాన్ని పూర్తిగా తెరిచి, మీటరు దూరంలో కూర్చున్న వ్యక్తి మీద ఫోకస్ చేస్తే స్పష్టత ఉండే మందం సుమారు 3 సెంటీమీటర్లు; ఆ వ్యక్తి మాట్లాడుతూ కాస్త ముందుకు వంగితే కళ్ళు మసకబారి చెవులు తేటపడతాయి. ఫొటో తీసేటప్పుడు ఒక్క క్షణం కుదిరితే చాలు. వీడియోలో షాట్ సాగినంతసేపూ ఫోకస్ రింగును చేత్తో తిప్పుతూ ఆ 3 సెంటీమీటర్లను మనిషితో పాటు నడిపించాలి. పైగా డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్‌కు దృశ్యాన్ని చేర్చే అద్దం వీడియో మొదలవగానే పైకి లేచిపోతుంది కనుక, కంటికి ఆనించుకున్న కెమెరాను కిందికి దించి వెనుకనున్న 3 అంగుళాల తెరను చూడవలసివస్తుంది, దానితో చెంప ఇచ్చే ఆసరా పోయి చేతుల వణుకంతా బొమ్మలోకి వస్తుంది. ట్రైపాడ్ లేక భుజానికి ఆనే రిగ్ అవసరమైనది ఇందుకే.

సెన్సార్ మీది పిక్సెళ్ళ వరుసలన్నిటినీ సెకనుకు 30 సార్లు చదవలేక, వీడియోలో ఈ కెమెరా సుమారు మూడింట ఒక వంతు వరుసలనే తీసుకుంటుంది. అందువల్ల సన్నచారల చొక్కా, దగ్గర నేత జరీ అంచు వంటివి తెర మీద లేని రంగులతో అలలు అలలుగా కదులుతాయి. దీనిని మోరే అంటారు. పై వరుస నుంచి కింది వరుస దాకా క్రమంగా చదవడం వల్ల, కెమెరాను వేగంగా పక్కకు తిప్పినప్పుడు నిలువు స్తంభాలు వాలిపోయి కనిపించడాన్ని రోలింగ్ షట్టర్ అంటారు. రెండూ ఆ పెద్ద పలక ఇచ్చిన చిక్కులే.

మొదటి నెలల్లో వెలుగు అదుపు కూడా ఛాయాగ్రాహకుడికి దక్కలేదు. వీడియోలో ఎక్స్‌పోజర్‌ను కెమెరాయే నిర్ణయించేది కనుక, లెన్సును కొద్దిగా తిప్పి వదులుచేసి, విద్యుత్ సంబంధం తెగిపోయేలా చూసి, ద్వారాన్ని ఒకచోట నిలబెట్టేవారు. యంత్రాన్ని అంత ఓర్పుతో లొంగదీసుకున్న ఆ మనుషుల పట్టుదలను ఈ కథలో తప్పక చెప్పుకోవాలి. భారతదేశంలో మరో బాధ ఉండేది. ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షట్టర్ సెకనులో 60వ వంతు తెరుచుకుంటే ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క మోతాదులో వెలుగు అంది, బొమ్మ మీద నల్లని పట్టీలు పాకుతాయి. 50వ వంతు ఎంచుకుంటే అవి మాయమవుతాయి, కానీ ఎంచుకునే వీలు 2009 జూన్‌లో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్, అంటే కెమెరా లోపలి ప్రోగ్రామ్, ద్వారా మాత్రమే లభించింది. సినిమాకు సరిపడే 24 ఫ్రేములు, మన టీవీకి సరిపడే 25 ఫ్రేములు, ధ్వని స్థాయిని చేత్తో నిర్ణయించే వీలు 2010 మార్చిలో చేరాయి. అంతకు ముందు మాటల మధ్య నిశ్శబ్దం రాగానే కెమెరా తనంతట తానే మైకు స్థాయి పెంచి గదిలోని హోరునంతా పట్టేది. అందుకే ధ్వనిని వేరే రికార్డర్‌లో నమోదు చేసి, క్లాప్ చప్పుడు ఆధారంగా బొమ్మతో జతచేయడం అలవాటైంది.

ఒక క్లిప్ నిడివి 4 గిగాబైట్లకు, అంటే ఇంచుమించు 12 నిమిషాలకు పరిమితం. సుదీర్ఘమైన ఇంటర్వ్యూకు ఇది ఆటంకమే గాని, కథాచిత్రానికి కాదు. 2010లో అమెరికన్ టీవీ ధారావాహిక ‘హౌస్’ ఆరవ సీజన్ చివరి భాగాన్ని ఈ కెమెరాతోనే చిత్రీకరించారు. తెలుగులో రామ్‌గోపాల్ వర్మ దర్శకత్వంలో రవితేజ, ఛార్మి నటించిన ‘దొంగల ముఠా’ను కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లతో, కొద్దిమంది సిబ్బందితో 5 రోజుల్లో తీసి 2011లో విడుదల చేశారు. ఆ సినిమా మంచిచెడ్డల మీద అభిప్రాయాలు ఎలా ఉన్నా, చేతిలో ఇమిడే యంత్రంతో తీసిన బొమ్మ థియేటర్ తెర మీద నిలబడగలదని తెలుగు ప్రేక్షకులకు అది కళ్ళెదుట చూపింది.